జవాబివ్వకూడని చప్పుడు

1963 వేసవి. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అవతల ఉన్న ఒక బాయిలర్ రిపేరు యార్డులో నేను హెడ్ ఫిట్టర్‌ని. రైల్వేలో ఫోర్‌మన్‌గా రిటైరైన ఒక బెంగాలీ పెద్దమనిషి సొంతంగా పెట్టుకున్న చిన్న యార్డు అది. ఆయన్ని అందరం దాదా అనేవాళ్ళం. చుట్టుపక్కల రైసు మిల్లుల నుంచి బాయిలర్లు మా దగ్గరికి వచ్చేవి. లోపల పేరుకున్న స్కేలు, అంటే నీళ్ళు మరిగి మరిగి రేకుకి పట్టిన సున్నపు పెచ్చు, సుత్తులతో కొట్టి తీసి, చెడిన రివెట్లు మార్చి పంపేవాళ్ళం. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడి రైల్వే క్వార్టర్లున్న న్యూ సెటిల్‌మెంట్‌లో, రైల్వే ఫిట్టరు కొడుకుగా. సుత్తి పట్టడం ఎప్పుడు నేర్చుకున్నానో నాకే గుర్తు లేదు.

ఆ మే నెలలో ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ప్రభాకరం అనే కుర్రాడు ట్రైనింగుకి వచ్చాడు. గుంటూరు వైపువాడు. నెల రోజులు మాతో పనిచేసి, దాదా సంతకంతో సర్టిఫికెట్ తీసుకువెళ్ళాలి. అప్పట్లో కాలేజీ కుర్రాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. వస్తారు, బెంచీ మీద కూర్చుని టీ తాగుతారు, సంతకం పెట్టించుకుని పోతారు. ఇతను అలాంటివాడు కాదు, అదీ నాకు చిరాకే. జేబులో చిన్న నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు, కాళ్ళకి కాలేజీవాళ్ళు తప్పనిసరి అన్న దళసరి బూట్లు. రోజంతా ప్రశ్నలే.

"ఈ రేకు మందం ఎంతండీ? లోపల తుప్పు ఎక్కడ ఎక్కువ పడుతుంది? ఈ పక్కకే ఎందుకు పడుతుందండీ?"

"బాబూ, పది రోజులు పెచ్చు కొట్టు. సమాదానం అదే దొరుకుద్ది" అనేవాణ్ణి. నిజానికి సగం ప్రశ్నలకి నాకూ జవాబు తెలియదు.

మా యార్డులో కాగితం మీద లేని పద్ధతి ఒకటుండేది. బాయిలర్ లోపలికి మనిషి దిగే కంతని మ్యాన్‌హోల్ అంటారు. అది పైన ఉంటుంది. దిగేవాడు చెప్పులు దాని అంచున వదిలి దిగుతాడు. లోపల తడి రేకు మీద చెప్పులు జారతాయి కాబట్టి మొదలైన అలవాటు, తర్వాత మాకదే గుర్తు అయింది. అంచున చెప్పులున్నంతసేపు ఎవడూ మూత ముట్టుకోడు. చెప్పులు లేకపోతే లోపల మనిషి లేనట్టే. ఇది ప్రభాకరానికి నేను చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని నాకు తోచలేదు. మాలో ఎవరికీ ఎవరూ చెప్పగా వచ్చింది కాదది.

రెండో పద్ధతి ఎర్రన్న మావది. ఆయన యార్డులో వయసులో అందరికన్నా పెద్ద మిస్త్రీ, శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చినవాడు. వరసకి ఏమీ కాకపోయినా నాకు మావే. ఖాళీ బాయిలర్లలోంచి ఒక్కోసారి టక్కుమని చప్పుడు వస్తుంది. ఎండకి సాగిన ఇనుము సర్దుకునే చప్పుడని నాకు తెలుసు. మావ మాత్రం వెంటనే సుత్తి కింద పెట్టేసేవాడు.

"పోలయ్యరా ఆడు. మిల్లులో బాయిలర్‌లోన పోయినాడు. అప్పటినుంచి ఏ బాయిలర్‌లోనైనా కొడతాడు. మనం తిరిగి కొట్టకూడదు, పలక్కూడదు. పలికితే మనల్ని లోనకి పిలుస్తాడు."

నవ్వేవాళ్ళం. కానీ చప్పుడు వస్తే మాత్రం ఎవరమూ పలికేవాళ్ళం కాదు. నేనూ అంతే.

ఒక రోజు ఓ మిల్లు బాయిలర్‌కి హైడ్రాలిక్ టెస్టు. బాయిలర్ నిండా నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి ఎక్కడ కారుతుందో చూడటమే ఆ టెస్టు. భోజనాలయ్యాక ఎండ నిప్పులు చెరుగుతోంది. నేను నిచ్చెనెక్కాను. అంచున చెప్పులు లేవు. మూత పెట్టి నట్లు బిగించాను. నా చేతులతోనే బిగించాను, ఈ మాట ఇంకెవరి మీదకీ తోయను. బావి దగ్గర డీజిల్ పంపు డుగడుగమని మొదలైంది.

బాయిలర్ నిండుతుంటే లోపలి గాలి పైనున్న కాక్ అనే చిన్న కుళాయి గుండా బయటికి పోవాలి. అది రోజూ వినే చప్పుడే, సన్నని ఈల. ఆ మధ్యాహ్నం ఎందుకో అది ఈలలా లేదు. ఆగి ఆగి వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా తగిలింది. ఎండకి కాగిన ఇనుములోంచి వచ్చే గాలి వెచ్చగా కాక ఎలా ఉంటుందని నాకు నేనే చెప్పుకుని కిందికి దిగాను. చెయ్యి మాత్రం చొక్కాకి తుడుచుకున్నాను.

గంట దాటాక నూనె పొయ్యడానికి పంపు ఆపారు. ఒక్కసారిగా యార్డంతా నిశ్శబ్దం. అప్పుడు వినిపించింది.

టక్. టక్. టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మూడు. సర్దుకునే ఇనుము లెక్కపెట్టి మూడేసి సార్లు కొట్టదు. పక్కనున్న ఇద్దరు ఖలాసీ కూలీలు అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వెళ్ళారు.

ఎర్రన్న మావ గొంతు తగ్గించి అన్నాడు: "పలక్కండి. ఆడే. పంపు ఎయ్యండి, నీల్లు నిండితే ఊరుకుంటాడు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ పలకలేదు. పంపు వెయ్యమని ఖలాసీకి చెయ్యి ఊపాను కూడా. సరిగ్గా అప్పుడు నాకో కొంటె ఆలోచన వచ్చింది. రోజంతా ఇది ఎందుకు, అది ఎందుకు అని ప్రాణం తీసే ఆ కాలేజీ బాబుకి ఈ చప్పుడు వినిపించాలి. దీనికేం జవాబు చెబుతాడో చూడాలి.

"ప్రభాకరం ఏడిరా? పిలవండి" అన్నాను.

షెడ్డులో లేడు. టీ బెంచీ దగ్గర లేడు. అతని టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా కిటికీలో ఉంది.

"అన్నం తినకుండానే ఎల్లినాడు" అన్నాడు ఒక ఖలాసీ. "మీరు ఆ పక్కకే తుప్పు ఎందుకో సెప్పనేదంట. లోన కొలిసి వస్తానన్నాడు. వచ్చీసుంటాడనుకున్నాను."

"చెప్పులు లేవు కదరా!" అని అరిచాను. అరుస్తుండగానే అతని కాళ్ళకున్న బూట్లు నా కళ్ళ ముందు మెదిలాయి.

"పంపు ఎయ్యకండి!" అని కేక పెట్టాను.

సుత్తి తీసుకుని బాయిలర్ మీద మూడు దెబ్బలు కొట్టాను. మావ నా చెయ్యి పట్టుకోబోయాడు. లోపలినుంచి జవాబు వచ్చింది. లెక్కా పత్రం లేని దెబ్బలు, పిచ్చెక్కినట్టు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒకడు బాయిలర్ కిందికి ఉరికి, నీళ్ళు వదిలే డ్రెయిన్ కాక్ తిప్పాడు. నేను నిచ్చెన మీద నట్లు విప్పుతున్నాను. నేను బిగించిన నట్లే నా మాట వినడం లేదు. మూత పక్కకి తోసేసరికి లోపలినుంచి చీకటి, తడి తుప్పు వాసన వచ్చాయి. నీళ్ళు అప్పటికే లోపలి పొయ్యి గొట్టాన్ని ముంచాయి. ఆ గొట్టం మీద మోకాళ్ళు ఆనించి, నెత్తి పైరేకుకి తగిలేలా వంగి, గడ్డం దాకా నీళ్ళలో ఉన్నాడు ప్రభాకరం. చేతిలో పెచ్చు కొట్టే చిప్పింగ్ సుత్తి. వేళ్ళు విడదీస్తే గాని అది ఊడి రాలేదు.

బయటికి లాగి నీడలో పడుకోబెట్టాం. చెవుల్లోంచి దూది ఉండలు ఊడి వచ్చాయి. పెచ్చు కొట్టేటప్పుడు చెవులు పోకుండా పెట్టుకొమ్మని నేనే ఇచ్చిన దూది. అందుకే మూత పడిన సంగతి అతనికి తెలియలేదు. దూరంగా చివరి రేకు దగ్గర టార్చి పట్టుకుని కొలుచుకుంటున్నాడట. దాదా వచ్చి "కీ హోలో? కీ హోలో?" అని, ఏమైంది ఏమైందని, అందరినీ అడుగుతున్నాడు. నేను ప్రభాకరం కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. అతనే లేచి కూర్చుని "ఊరుకోండి మిస్త్రీ గారూ" అన్నాడు.

ఇక రాడనుకున్నాను. నాలుగో రోజు వచ్చాడు. నిచ్చెనెక్కి, బూట్లు విప్పి మ్యాన్‌హోల్ అంచున పెట్టి, మా అందరి వైపు ఒకసారి చూసి దిగాడు. అతను పైకి వచ్చేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.

ఆ సాయంత్రం టీ తాగుతూ నోటుపుస్తకం తీశాడు. ఇతను బాగుపడడు అనుకున్నాను.

"తాతా, ఆ రోజు నేను కొట్టింది మీరు విన్నారా?" అని ఎర్రన్న మావని అడిగాడు.

"విన్నాను బాబూ. ఆడనుకున్నాను. పోలయ్యనుకున్నాను."

"ఆ పోలయ్య చప్పుడు మొదటిసారి ఎప్పుడు విన్నారు?"

"ఆ మిల్లులోనే. శనివారం పొద్దుగూకే యేల. నానప్పుడు కుర్రోణ్ణి. బాయిలర్‌లోన దెయ్యం కొడతందని అందరం బయపడి ఇల్లకి పోయినాం."

"అతని శవం ఎప్పుడు తీశారు?"

"సోమారం. సోమారం మూత తీసినప్పుడు..."

మావ అక్కడ ఆగిపోయాడు. టీ గ్లాసు కింద పెట్టేశాడు. నలభై ఏళ్ళుగా ఆయన ఈ కథ చెబుతూనే ఉన్నాడు, నలభై ఏళ్ళుగా శనివారం, సోమవారం అదే వరసలో ఉన్నాయి. ఆయనా వినలేదు, విన్న మేమూ వినలేదు. ప్రభాకరం నోటుపుస్తకం మూసేశాడు. తను ఏం అడిగాడో అతనికి అప్పుడే అర్థమైనట్టుంది.

"ఒక్క దెబ్బ తిరిగి కొట్టుంటే..." అన్నాడు మావ.

నెల రోజుల ట్రైనింగులో పిల్లలు ఏం నేర్చుకుంటారండీ అని నన్ను చాలామంది అడిగారు. ప్రభాకరం చెప్పులు వదలడం నేర్చుకున్నాడు, పుస్తకంలో ఉన్న బాయిలర్‌లో నీళ్ళు ఉండవనీ నేర్చుకున్నాడు. మేము నేర్చుకున్నది అంతకన్నా పెద్దది. పనిలో పాతబడ్డవాడికి అడగడం చేతకాదు. తెలిసినట్టే ఉంటుంది, తెలియదు. బయటినుంచి వచ్చినవాడు అడగాలి, మనం చిరాకు పడకుండా వినాలి. ఆ తర్వాత వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు మ్యాన్‌హోల్ చూపించి అన్నీ నోటితో చెప్పాను, వాళ్ళు అడిగినవాటికి తెలియకపోతే తెలియదనే చెప్పాను.

ఎర్రన్న మావ ఇంకో ఆరేళ్ళు పనిచేశాడు. ఎండ వాలి ఇనుము టక్కుమన్నప్పుడల్లా, లోపల ఎవరూ లేరని మాకందరికీ తెలిసినా, చేతిలో పని వదిలి లేచేవాడు. సుత్తితో రేకు మీద ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి, "ఎవురు బాబూ లోన?" అని అడిగేవాడు. ఆయన చాలనుకుని రేకు మీంచి చెవి తీసేదాకా మేమందరం సుత్తులు ఆపి నిలబడేవాళ్ళం.