ట్రంక్ పిన్ని కొత్త ఫోను

వీధిలో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలియదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ట్రంక్ కాల్స్ కలిపే ఉద్యోగం చేసింది గనక ట్రంక్ పిన్ని అన్నారు. ఎక్స్ఛేంజి మూతపడి ఇరవై ఎనిమిదేళ్ళయినా ఆ పిలుపు మాత్రం మూతపడలేదు. ఊళ్ళో సగం మంది పెళ్ళి మాటలూ, పురిటి కబుర్లూ, చావు వార్తలూ ఆవిడ చేతుల మీదుగా దాటినవే. అలాంటి మనిషికి అరవై ఏడేళ్ళ వయసులో ఫోను ఎలా వాడాలో కోడలు కూర్చోబెట్టి నేర్పుతోందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. పిన్నికి మాత్రం ఒళ్ళు మండేది.

అయినా నోరు మూసుకుని నేర్చుకుంది. దానికో కారణం ఉంది. పాత ఎక్స్ఛేంజి వాళ్ళంతా టచ్ ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారని పెన్షన్ ఆఫీసు వరండాలో ఎవరో అనగా విన్నది. ఆ రోజు ఇంటికొచ్చి, బటన్లరిగిన తన పాత ఫోను బల్ల మీద పెట్టి, "నాకూ ఒక టచ్ ఫోను కావాలి. చవకదైనా సరే" అంది. కొడుకు ఆశ్చర్యపోయాడు. ఎందుకని అడిగితే పిన్ని నీళ్ళు నమిలింది.

కోడలు బ్యాంకు కౌంటర్లో పనిచేస్తుంది. ఫోన్లో ఎవడో చెప్పిన మాట నమ్మి మోసపోయినవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు ఆమె కిటికీ ముందు నిలబడి ఏడుస్తారు. అందుకని ఆమె పాఠం కాస్త కటువుగానే ఉండేది.

"తాకండి చాలు, అత్తయ్యా. నొక్కొద్దు."

పిన్ని వేలు పెడితే ఎక్స్ఛేంజి బోర్డులో ప్లగ్గు దూర్చినట్టే పెట్టేది. అద్దం మీద బొమ్మలన్నీ గజగజ వణకడం మొదలుపెట్టేవి. ఒకసారి గడియారం బొమ్మ ఎగిరి ఎక్కడికో పోయింది.

"తాకితే లైనెలా కలుస్తుందే? గట్టిగా దూరిస్తేనే కదా పట్టు దొరికేది."

"ఇందులో దూర్చడానికి కన్నాలు లేవు" అని కోడలు ఆ గడియారాన్ని వెతికి తెచ్చి దాని చోట పెట్టింది.

అక్షరాలు పెద్దవి చేశారు. భాష మార్చారు. తాళం దగ్గరికొచ్చేసరికి కోడలు వేళ్ళు మడుస్తూ చెప్పింది. "నాలుగంకెలు పెట్టండి. పుట్టిన సంవత్సరం వద్దు, ఇంటి నంబరు వద్దు. వరసగా ఒకటి రెండు మూడు నాలుగు అసలే వద్దు." పిన్ని అటు తిరిగి నాలుగంకెలు కొట్టింది. ఏం పెట్టిందో కోడలికి కూడా చెప్పలేదు. "అదీ! అలా ఉండాలి" అని కోడలు మెచ్చుకుంది. పిన్ని ఎందుకు చెప్పలేదో ఆమెకేం తెలుసు? పదకొండు, ఇరవై రెండు అని పెట్టింది. అడిగితే కథంతా చెప్పాల్సి వస్తుంది.

టార్చిలైటు కోసం ఏదో యాప్ దింపుకోబోతే, మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూడొచ్చా అని అది అడిగింది. "లైటుకి నా వాళ్ళ నంబర్లెందుకట? మా గద్ద కూడా ఇన్ని ఆరాలు తీసేవాడు కాదు" అని పిన్ని దాన్ని అక్కడే వద్దు పొమ్మంది. గద్ద అంటే ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరు. ఆపరేటర్ల వెనకాల చప్పుడు లేకుండా తిరిగేవాడు గనక ఆ పేరు. ఫోను రాగానే "నంబరు చెప్పండి" అనడం, తన చెల్లెలు మాట్లాడుతుండగా "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని అడగడం, ఈ ట్రంక్ కాల్ అలవాట్లు మాత్రం పిన్ని ఎంత ప్రయత్నించినా మానలేకపోయింది. చెల్లెలు అవతల పడీపడీ నవ్వేది.

కథంతా అన్నాను కదా, అది ఇదీ. ఆ రోజుల్లో ఆపరేటర్లు లైను మీద సొంత పేర్లు చెప్పుకోకూడదు. ఒక్కొక్కరికి ఒక నంబరు. పిన్ని పదకొండు. పొద్దున్న ఏడూ యాభైకి, జనం కాల్స్ మొదలవకముందు, అవతలి ఊరి ఎక్స్ఛేంజి నుంచి లైను పరీక్ష జరిగేది. పరీక్ష చేసే ఆవిడ నంబరు ఇరవై రెండు. "పదకొండూ, వినపడుతోందా?" అని ఆవిడా, "స్పష్టంగా ఉంది ఇరవై రెండూ" అని పిన్నీ అనాలి. రిజిస్టరులో రాసుకోవడానికి అంతే పని. కానీ పంతొమ్మిదేళ్ళు ఆ రెండు మాటల పక్కన ఇంకో నాలుగు మాటలు దొంగతనంగా దూరేవి. ఏం వండావు, నీ కొడుకు పాస్ అయ్యాడా, గద్ద ఇవాళ ఎవరి మీద వాలాడు. ఇరవై రెండు నవ్వితే హెడ్‌సెట్టు చెవిలో గలగలమనేది. పిన్ని తల్లి పోయిన తర్వాత మొదటి రోజు డ్యూటీలో "స్పష్టంగా ఉంది" అని యథాప్రకారం అంటే, అవతల ఒక్క క్షణం ఆగి, "ఏమైంది పదకొండూ?" అంది ఆవిడ. అప్పటిదాకా ఇంట్లోవాళ్ళ ముందు రాని ఏడుపు పిన్నికి అప్పుడొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి లైన్లన్నీ ఆటోమేటిక్ అయిపోతున్నాయి. దానికి పది నిమిషాల ముందు ఇరవై రెండు పిలిచింది. "పదకొండూ, నీ పేరూ, ఇంటి అడ్రసూ చెప్పు. రాసుకుంటాను." పేరు పిన్ని నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనకాల గద్ద దగ్గాడు. నిబంధనల పుస్తకంలో ఉన్న మాట పిన్ని నోట్లోంచి దానంతటదే జారింది. "ఆ వివరం ఇవ్వడానికి వీల్లేదండీ." అండీ అని కూడా అంది! "సరే" అని ఇరవై రెండు ప్లగ్గు లాగేసింది. ఇంకో పది నిమిషాల్లో ఉద్యోగమే లేని మనిషి గద్దకి ఎందుకు భయపడిందో పిన్నికి ఇప్పటికీ అర్థం కాదు. ఆ గొంతు మళ్ళీ ఒక్కసారి వినాలి, ఆ రోజు చెప్పనిది చెప్పాలి. అంతకు మించి ఆ ఫోనుతో ఆవిడకి పనేం లేదు.

గ్రూపులో చేరిన రోజే పిన్ని గంటన్నర కూర్చుని ఒక్కో అక్షరం తాకుతూ రాసింది. "ఇరవై రెండు నంబరు ఆపరేటరు ఎవరికైనా తెలుసా? నేను పదకొండుని." కోడలు ఆఫీసు నుంచి వచ్చి చూసి నెత్తి పట్టుకుంది.

"నాలుగొందల మంది ఉన్నారు అత్తయ్యా ఇందులో. మెసేజ్ పెడితే మీ నంబరు అందరికీ కనపడుతుంది. ఎవరు ఎలాంటివాళ్ళో మనకేం తెలుసు?"

"కనపడాలనే కదే పెట్టింది" అని పిన్ని లోపల్లోపలే గొణుక్కుంది. దొరకాలని తహతహలాడే మనిషికి, ఎవరికీ దొరక్కుండా ఎలా ఉండాలో నేర్పుతుంది ఆ పిల్ల. ఎవరినని ఏం లాభం?

కోడలి భయమూ వట్టిది కాదు. మూడో రోజు మధ్యాహ్నం ఫోనెత్తితే ఒక మగగొంతు పలికింది. "మేడమ్, టెలిఫోన్ హెడ్డాఫీసు నుంచి. సాయంత్రానికి మీ నంబరు ఆగిపోతుంది. ఇప్పుడు మీకో ఆరంకెల సంఖ్య వస్తుంది. అది చదివి చెప్పండి, నేను చూసుకుంటాను."

పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. అడిగినవాడి మాట మీద ఎప్పుడూ లైను కలపకూడదు. ఫోను పెట్టించేసి, రిజిస్టరులో ఉన్న నంబరుకి మనమే చేసి రూఢి చేసుకోవాలి. పంతొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన సూత్రం అది.

"ఏ సెక్షను బాబూ? నీ మీద సూపర్‌వైజరు ఎవరు? నువ్వు పెట్టెయ్. ఆఫీసు నంబరు నా దగ్గరుంది, నేనే చేసి నిన్ను అడుగుతాను."

"అంత టైము లేదు మేడమ్..."

"నాకు బోలెడుంది నాయనా. మూడు నిమిషాలు కాకముందే పెట్టెయ్."

వాడు పెట్టేశాడు. సాయంత్రం పిన్ని ఈ సంగతి నటించి మరీ చూపించింది. కోడలు చప్పట్లు కొట్టి, "మా బ్యాంకుకొచ్చి క్లాసు చెప్పండి అత్తయ్యా" అంది. ఆ వెంటనే ఫోను అందుకుని, "ఇంక తెలియని నంబర్ల నుంచి వచ్చేవి మోగకుండా పెట్టేస్తున్నా, సరేనా?" అంది. పొగడ్తకు ఉబ్బి ఉన్న పిన్ని సరేనని తలూపింది.

ఆ తర్వాత ఫోను నోరు పడిపోయింది. చెల్లెలు తప్ప ఎవరూ చెయ్యలేదు. గ్రూపులో రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మలు వచ్చేవి, గద్ద కూడా ఒక గులాబీ పంపాడు. ఇరవై రెండు గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. పిన్ని ఫోనుని వంటింట్లోకి తీసుకెళ్ళేది, పెరట్లో బట్టలారేస్తూ నడుముకి దోపుకునేది. పది రోజులకి కళ్ళు కాయలు కాచాయి. పోయిందేమో అనుకుంది. లేకపోతే, ఆ "వీల్లేదండీ" ఇంకా గుర్తుందేమో. రెండోదే ఎక్కువ బాధ పెట్టింది.

ఫోను నోరు పడిపోయిన పదమూడో రోజు, పనికిరానివి ఎలా తుడిచెయ్యాలో నేర్చుకున్న ఉత్సాహంలో, పువ్వుల బొమ్మలన్నీ తీసేస్తోంది. మెసేజ్‌ల పక్కనే ఉన్న కాల్స్ గడి మీద ఎర్రటి చుక్క ఎప్పట్నుంచో ఉంది, అందులో అంకె ఇప్పుడు తొమ్మిది. ఫోను తన లెక్క ఏదో తాను వేసుకుంటోంది కాబోలని పిన్ని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు. ఆ రోజు తాకింది. ఒకే తెలియని నంబరు, తొమ్మిది సార్లు. పొద్దున్న ఏడూ యాభై. ఏడూ యాభై. ఏడూ యాభై. ఆఖరిది మూడు రోజుల కిందట.

పిన్ని గోడ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుంది. ఆ రోజు తాను చేసిన పనే ఇప్పుడు తన తరఫున ఫోను చేసింది. తొమ్మిది సార్లు, వీల్లేదండీ అని.

వెంటనే తిరిగి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మూడుసార్లు చేసినా అంతే.

కోడలు రాగానే సంగతి విని మొహం చిన్నబుచ్చుకుంది. "మోగకుండా పెట్టింది నేనే కదా" అని పక్కన కూలబడింది. అయినా బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోక, "గ్రూపులో మీరు రాసిన నంబర్లు చూసి ఎవరైనా నాటకమాడుతున్నారేమో అత్తయ్యా" అంది.

"పదకొండు రాశాను, ఇరవై రెండు రాశాను. ఏడూ యాభై రాశానా?"

కోడలు ఫోను అందుకోబోయింది. "ఆ మోగకుండా చేసేది ఎక్కడుందో చూపించు. నేనే తీస్తాను" అంది పిన్ని. తీసింది. ఈసారి వేలు తాకిందే కానీ నొక్కలేదు.

మర్నాడు ఏడున్నరకే తల దువ్వుకుని ముందుగదిలో కూర్చుంది. కొడుకు డ్యూటీకి వెళ్ళిపోయాడు. కోడలు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నట్టు నటిస్తూ తలుపు దగ్గరే తచ్చాడుతోంది. ఏడూ యాభై అయింది. ఫోను మోగింది.

"పదకొండూ?"

అదే గొంతు. అంచులు కాస్త అరిగాయి, అంతే. "ఇరవై రెండూ! నేనే! ఆ రోజు గద్ద వెనకాలే ఉన్నాడు, నేను కావాలని..."

గొంతు ఆగలేదు, పిన్ని మాటల మీదుగానే నడిచిపోయింది. "ఎత్తావని తెర మీద పడింది. నువ్వేమంటున్నావో నాకు వినపడదు పదకొండూ. చెవులు పోయి ఆరేళ్ళయింది. నిన్న నువ్వు చేసినప్పుడు మోగిందీ తెలియలేదు, తర్వాత చూసుకున్నాను. రాద్దామనుకున్నాను గానీ, ఇవాళ రేపు ఎవరైనా ఏదైనా రాయొచ్చు. రాస్తే నేనేనని నీకెలా తెలుస్తుంది? నీకు తెలిసింది నా గొంతొక్కటే కదా. అందుకని రోజూ చేశాను. నువ్వు ఎత్తకపోతే నా మీద కోపమేమో అనుకుని మానేశాను. వింటున్నావా? వింటుంటే రాయి."

పిన్ని నోరు తెరిచి, మూసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ నోటితో చెప్పడానికి దాచుకున్నవి. వాటినిప్పుడు ఒక్కో అక్షరంగా వేలితో ఎత్తి పెట్టాలి. కోడలు వచ్చి, మాట గది నిండా వినపడేలా పెట్టి, కాల్ పోకుండానే రాసే చోటు తెరిచి ఇచ్చింది. "నేను రాయనా అత్తయ్యా?" అంది మెల్లగా.

పిన్ని అడ్డంగా తల ఊపింది. ఒక అక్షరం పడింది, తప్పు. చెరిపింది. ఇంకోటి.

"రాస్తున్నావని పడుతోంది ఇక్కడ" అంది గొంతు. "నింపాదిగా రాయి. నాకేం తొందర లేదు."

అద్దం మీద కన్నీటి చుక్క పడి, దాన్ని కూడా వేలే అనుకుని ఫోను ఏదో అక్షరం వేసింది. పిన్ని కొంగుతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. క్షమించమని కాదు, గద్ద సంగతీ కాదు. ముందు తన పేరు రాసింది. నాలుగక్షరాలు. కింద ఇంటి నంబరు, వీధి, ఊరు. తెలియని వాళ్ళకి ఇవేవీ పంపకూడదని చెప్పిన కోడలు పక్కనే నిలబడి, పంపే బాణం ఎక్కడుందో వేలితో చూపించింది.

అవతల ఇరవై రెండు ఆ నాలుగక్షరాలూ పైకి చదివింది. ఒకసారి చదివి ఆగి, ఇంకోసారి, ఎవరినో గుమ్మంలోంచి పిలుస్తున్నట్టు చదివింది.

"సరిగ్గానే పలికానా?"

పిన్ని గట్టిగా, చాలాసార్లు తల ఊపింది. ఆవిడకి కనపడదని గుర్తొచ్చాక, వేలితో "ఆ" అని రాసింది.