పెళ్లి రవికె గుడ్డకు చిల్లు

ప్రొద్దుటూరులో రవికెలు కుట్టే నేను ఎంబ్రాయిడరీ మిషన్ కొనాలని లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. కొనేముందు మన గుడ్డ మీదే కుట్టి చూడాలని ఒకదాంట్లో ఉంది. అందుకే జమ్మలమడుగు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ సుజాత పెళ్లి రవికె పట్టుగుడ్డనూ, ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేను గీసిన మెడ డిజైన్‌నూ తీసుకుని, ఆమెతో కలిసి షాపుకు పోయాను.

గుడ్డను బిగించే మిషన్ ఫ్రేము నాలుగంగుళాలు, నా డిజైన్ ఎనిమిది. "పట్టదమ్మా," అన్నాడు షాపాయన.

"నాకు తెలుసులేప్పా," అని డిజైన్‌ను సగానికి కుదించి బటన్ నొక్కాను. సైజు తగ్గింది గానీ కుట్ల సంఖ్య తగ్గలేదు. అన్నీ ఒకేచోట గుట్టపడి, టక్కుమని సూది విరిగింది. పట్టుకు వేలు దూరేంత చిల్లు! షాపులో అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది.

సుజాత గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. "ఇంత చదివినావు గదా వదినా, ఈడ ఒక నెమలిని కుడితే చిల్లు యాడ కనపడుతుంది?" అంది.

పెద్ద ఫ్రేమున్న మిషన్, సైజుతోపాటు కుట్లనూ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఎంచుకుని కొన్నాను. దాంతోనే చిల్లు మీద నెమలిని కుట్టాను. పెళ్లిలో పులివెందుల నుంచి వచ్చిన ఒకామె, "ఈ నెమలి ఎవురు కుట్టినారు పాపా?" అని అడిగితే, సుజాత నన్ను చూపించింది.

పుస్తకాలు ఇప్పటికీ చదువుతున్నాను. మొదటి కుట్టు మాత్రం పాతగుడ్డ మీదే వేస్తున్నాను.