ముందు నేను కొరికి చూస్తా

వడ్రంగి మేస్త్రికి ఒకటే జబ్బు. తను ముందు చూసుకోనిదే ఏ వస్తువూ ఇంకొకరి చేతికివ్వడు. కుర్చీ చేసి కూర్చుని చూడడం అందరూ చేసేదే. ఈయన కూర్చుని, నిద్రపోయి, గురక పెట్టి, లేచి "నడుముకి హాయిగానే ఉంది, నేను చూశాను" అంటే గానీ కుర్చీ షెడ్డు దాటదు. ఒకసారి పసిపిల్ల పడుకునే తొట్టి చేసి అందులో దూరి పడుకున్నాడు. ఆయన్ని బయటికి తీయాలంటే తొట్టినే కోయాల్సొచ్చింది. కోసింది ఆయన భార్య. ఆవిడ కోస్తున్నంత సేపూ లోపల్నించి, "నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతుందే, నేను చూశాను" అంటూనే ఉన్నాడు.

అలాంటి మనిషికి కుక్కపిల్ల దొరికింది. షెడ్డు వెనక చెక్కపొట్టులో ముడుచుకుని పడుకుంటే ఎత్తుకొచ్చాడు. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చే వయసు దానిది. చిగుళ్ళ సలుపు తట్టుకోలేక కనిపించిందల్లా కొరికేది. చెప్పులు, చీపురు, మేస్త్రి చెవి మీది పెన్సిలు, మేస్త్రమ్మ కొంగు. రంపం అని పేరు పెట్టారు. పెట్టిన మర్నాడే టీచరమ్మ కోసం చేసిన కొత్త బల్ల కాలు కొరికి ఆ పేరు నిలబెట్టుకుంది.

మేస్త్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఈ మధ్య ఆవిడకి అన్నిటికీ విసుగే.

"ఇంకొక్క కాలు కొరికిందంటే దీన్ని మా తమ్ముడికి ఇచ్చేస్తాను. వాడి తోటలో కట్టేసుకుంటాడు."

"పళ్ళొచ్చే పిల్లని కట్టేస్తారటే?"

"నాకవన్నీ తెలీదయ్యా. దాని నోటి సంగతి నువ్వే చూసుకో."

చూసుకోమన్నాక ఇంకేముంది. బల్ల కాళ్ళకి పూయమని ఎవరో చేదు మందిస్తే ముందు తను నాకాడు. ఆ పూట మంచినీళ్ళు కూడా చేదెక్కి, "ఇది పిల్లకి వద్దులే" అని పారబోశాడు. క్యారెట్టు, తాడు ముక్క, రబ్బరు బంతి, ఏదైనా ఆయన నోట్లోంచే రంపం నోట్లోకి వెళ్ళాలి. బంతి దవడల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం "నేను చూశాను" అనడానికి వీల్లేక చేతులు ఊపాడు.

అంత చేసినా దాని మనసు టేకు కాళ్ళ మీదే. అందులో ఏముందో తెలుసుకోవాలని ఒకనాడు మేస్త్రి బల్ల కింద దూరాడు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చింది.

"అమ్మా, మీ ఆయన నా బల్ల కొరుకుతున్నాడు."

"కొరికింది కుక్కండీ. ఆయన చూస్తున్నాడంతే."

"చూడడానికి కళ్ళుండాలి గానీ పళ్ళెందుకమ్మా?"

మేస్త్రి బల్ల కిందనించే, "మంచి చెక్కండి, పన్ను కదిలిపోయింది" అని భరోసా ఇచ్చాడు.

చివరికి తడి తువ్వాలు మెలిపెట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టించాడు. ముందు తను కొరికాడు. "అబ్బ, చిగుళ్ళు చల్లబడ్డాయే" అని రంపానికిచ్చాడు. అది ఆ తువ్వాలు నమిలి నమిలి, దాని మీదే నిద్రపోయింది.

ఒక మధ్యాహ్నం మేస్త్రమ్మ అటూ ఇటూ చూసి ఫ్రిజ్ తెరిచి, ఆ తువ్వాలు తన దవడ కింద పెట్టుకుంది. ఎన్నాళ్ళనించో పన్ను సలుపు. పళ్ళ డాక్టరంటే చచ్చేంత భయం, అందుకే ఎవరికీ చెప్పలేదు. కింద రంపం తోకాడించడం మానేసి అనుమానంగా చూస్తోంది. "అరవకే తల్లీ, సగం నీకిస్తాను" అంది. షెడ్డులో చిత్రిక చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

మర్నాడు సాయంత్రం మేస్త్రి చెప్పకుండా ఎటో పోయాడు. ఆయన లేని ఆ కాసేపట్లో రంపం మేస్త్రమ్మ సొంత స్టూలు కాలు పట్టింది. ఆవిడ అన్నంత పనీ చేసింది. ఫోన్ తీసి, "రేపే వచ్చి తీసుకుపోరా" అని తమ్ముడికి చెప్పేసింది. ఫోన్ పెట్టేసరికి మొగుడు గుమ్మంలో ఉన్నాడు, పెదాల మధ్య దూదితో.

"ఏమైందయ్యా?"

"బల్ల కొరికి కదిలిన ముందుపన్ను పీకించుకున్నాను. సూది చీమ కుట్టినట్టుంటుందే. తర్వాత ఏమీ తెలీదు. నేను చూశాను. రేపు నువ్వెళ్ళొచ్చు."

"నాకేం రోగం?"

"కుక్కపిల్ల తువ్వాలు కొరుక్కునే రోగం. ఒక పక్కనే నములుతున్నావు. రంపం నోరు చూసీ చూసీ ఇప్పుడు ఎవరి నోరైనా తెలిసిపోతోంది నాకు."

"కదిలిన పన్ను ఉంచుకుంటే గట్టిపడేదేమో కదయ్యా."

"డాక్టరూ అదే అన్నాడు. ఉంచుకుంటే పీకడం ఎలా ఉంటుందో నీకెవరు చెప్తారు?"



మర్నాడు ఆవిడ దవడలో దూదితో ఇంటికొచ్చేసరికి తమ్ముడు గొలుసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏదక్కా ఆ రాక్షసి?"

"ఇంట్లో ముగ్గురికీ పళ్ళ బాధేరా. దాన్నొక్కదాన్నే ఎలా పంపను?" అంది, వచ్చీరాని మాటలతో.

"మరి స్టూలు కాలు కొరికిందన్నావుగా?"

ఆవిడ రంపం వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"అది మీ బావ కొరికాడు."

తమ్ముడు ఇట్టే నమ్మి, గొలుసు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రమ్మ ఫ్రిజ్ తెరిచింది. మెలిపెట్టిన తువ్వాళ్ళు మూడున్నాయి, వాటిలో కొత్తది తనదై ఉంటుంది. తీసి దవడ దాకా తెచ్చి ఆగింది. దాని మీద అప్పటికే ఒక వరస పళ్ళ గుర్తులున్నాయి, మధ్యలో ఒక పన్ను జాగా ఖాళీగా. ఆ ఖాళీ మీదే చెంప ఆనించుకుని కళ్ళు మూసుకుంది.