మూడున్నరకి తలుపు బాదే మనిషి

మానసిక రోగుల వార్డులో నర్సుగా ఇరవై ఏళ్లు దాటాక శిక్షణకి వెళ్లమంటే ఒళ్లు మండింది. ముగ్గురం చేయాల్సిన పని ఇద్దరం చేస్తున్నాం. నాలుగు రోజులు నేను తరగతిలో కూర్చుంటే వార్డు ఎవరు చూస్తారు? అయినా పంపారు. మొదటి రోజు సగం నిద్రలోనే విన్నాను. పాఠం చెప్పిన అమ్మాయిది నా కూతురి వయసు. రోగి రెచ్చిపోతే కట్టేసే ముందు పక్కగా నిలబడి, ఒకే ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలని చెప్పింది. ఆగడానికి మాకు తీరికేదీ అనుకున్నాను.

అప్పట్లో మా ఊళ్లోనే భుయ్యాడీహ్ పేట నుంచి వచ్చిన ఒక తెలుగావిడ మా వార్డులో ఉండేది. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి తలుపు బాదేది. జబ్బు లక్షణమనే అనుకున్నాం. నేనూ, బాగ్‌బేరా పేట నుంచి పనికి వచ్చే ఆయమ్మా కలిసి ఆవిడ చేతులు గుడ్డతో మంచానికి కట్టేవాళ్లం. ఇద్దరం తెలుగువాళ్లమే అయినా, ఊరు హిందీవాళ్లది కాబట్టి హిందీలోనే గదమాయించేవాళ్లం. వార్డులో అదే అలవాటు.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడు మళ్లీ బాదింది. ఆయమ్మ గుడ్డ తెచ్చింది. నాకేమో కాళ్లు పీకుతున్నాయి, పెనుగులాడే ఓపిక లేదు. నిజం చెప్పాలంటే అందుకే ఆవిడ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"ఏటి కావాలమ్మా?" అని తెలుగులో అడిగాను.

జవాబు కోసం అక్కడే ఆగాను. ఆయమ్మ విసుక్కుంది.

"దువ్వెన," అంది చివరికి. "నాలుగింటికి సుట్టాలొత్తారు. ఈ తలతో ఎలగ అవుపడతాను?"

రోగుల్ని చూడడానికి బయటివాళ్లని నాలుగింటికి రానిస్తారు. దువ్వెనలు మేం పొద్దున ఒక్కసారే ఇచ్చి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. ఆవిడ కోసం ఎవరూ వచ్చేవారు కాదు. అయినా దువ్వెన తెచ్చి ఇచ్చాను. చిక్కు తీసుకుని, జడ వేసుకుని, మంచం మీద కుదురుగా కూర్చుంది. మణికట్ల మీద ఎర్రటి చారలు అప్పుడు చూశాను. నేను కట్టిన కట్లవే.

"ఇన్నాళ్లూ మనం అడగనేదు కదమ్మా," అంది ఆయమ్మ.

అన్నీ అలా తేలలేదు. ఆ నెలలోనే ఇంకో రోగి పక్కన అలాగే కూర్చుంటే నా చెంప పగలగొట్టింది. వార్డులో పనివాళ్లని పెంచమని పైవాళ్లకి రాసిన కాగితానికి జవాబు రాలేదు. కట్టే ముందు ఏమడిగామో, ఏం చెప్పారో పుస్తకంలో రాయాలని మాత్రం పెట్టుకున్నాం. ఆయమ్మకి రాయడం రాదు. ఆమె చెప్తే నేను రాసేదాన్ని.

తలుపు బాదే ఆవిడని రెండు నెలలకి ఆడపడుచు వచ్చి తీసుకెళ్లింది. తర్వాతి శిక్షణకి ఆయమ్మని పంపమని నేనే అడిగాను. ఆ నాలుగు రోజులు ఆమె పని కూడా నా మీదే పడింది. మా పేట కద్మాలో ఆటో దిగి ఇంటికి చేరేసరికి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు.