ఆమె ఊ అంటేనే పెన్ను

మా అత్తమ్మ పోయింది. శనివారం పొద్దున టీ గ్లాసు పట్టుకెళ్లి లేపితే లేవలేదు. ముందురోజు దాకా బాగానే ఉంది, చారులో ఉప్పు తక్కువైందని నన్ను నాలుగు మాటలు కూడా అంది. స్నానం పోసేముందు కొప్పులోంచి పెన్సిల్ నేనే తీశాను. మీరు ఆమెను ఎరగరు. చిల్కానగర్‌లో మా గల్లీవాళ్లకు ఆమె గట్టి గొంతుతో గుర్తు. నాకు ఆ పెన్సిల్‌తో గుర్తు.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. మా ఇంట్లో దుత్త లేదు గానీ, ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు ఉండేది.

మా ఆయన పోయినప్పుడు మా రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమెకు కొడుకు, నాకు మొగుడు. ఎవరి దుఃఖం పెద్దదో తేలక ఇద్దరం మాటలు మానేశాం. అన్నం పెట్టిన, నల్లా వచ్చింది, అంతే. నేను నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయి వచ్చేదాన్ని. ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది. నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం పేపరు నా ముందుకు తోసి, "గిది ఏందే? జర సూడు" అంది.

'వెనక్కి తిరిగిన యంత్రం లక్ష్మీదేవి అయింది, రెండక్షరాలు' అని ఉంది. నాకు తలా తోకా అర్థం కాలేదు. యంత్రమంటే మర, తిరగేస్తే రమ, రమ అంటే లక్ష్మి అని ఆమే విప్పి చెప్పింది. చెప్పి ఊరుకుందా? "మీ మామ బతుకంత ఫ్యాక్టరీల మర తిప్పిండు. ముందుకు తిప్పితేనే లక్ష్మి రాలే, ఎనక్కి తిప్పితే వస్తదట!" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినందుకు మళ్ళీ ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యేసి, "ఇంకోటి సూడు బిడ్డా" అంది. జవాబు తెలిసే అడిగిందని తర్వాతెప్పుడో తట్టింది నాకు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే మా పని. ఆమెదో పద్ధతి. ఎవరికి తట్టినా ముందు పెన్సిల్‌తో రాయాలి. రెండోవాళ్లు చూసి, కుదిరిందనిపించి "ఊ" అంటేనే దాని మీద పెన్నుతో దిద్దాలి. "ఒక్కదాని తెలివి పెన్సిలే. ఇంకొకరు ఊ అంటెనే పెన్ను" అనేది. వంట దగ్గర నా మాట చెల్లనిచ్చేదే కాదు గానీ, ఈ గళ్ళ దగ్గర మాత్రం నేను ఊ అనేదాకా పెన్ను మూత తీసేది కాదు. నేను మాత్రం తక్కువ తిన్నానా! కోపమొచ్చిన రోజు కావాలనే ఊ అనకుండా బట్టలు ఉతుక్కుంటూ కూర్చునేదాన్ని. గడపలో నిలబడి, "ఏమే, ఊ అంటవా, అనవా? నా చాయ్ సల్లారిపోతుంది" అని అరిచేది.

కొన్ని మహా మొండివి. "గుంజితే తెగుతది. ఇడిసిపెట్టి సుట్టుపక్కలవి నింపు, గదే లొంగుతది" అనేది. నిజంగానే లొంగేవి. సోమవారం బస్సులోనో, కంపెనీలో అట్టపెట్టెలు మడుస్తూనో ఉండగా జవాబు తట్టేది. ఇక ఇంటికెప్పుడు పోదామా అని కాళ్లు నిలిచేవి కావు. ఊ అనడానికి ఇంట్లో ఒక మనిషి ఉంది. నాకదే చాలు.

ఆమె పోయిన వారం ఒక్కటి మిగిలిపోయింది. 'వడ్రంగి సరుకు తిరగబడితే పిల్లలు అక్షరాలు దిద్దుతారు, మూడక్షరాలు.' బాడిస అంది ఆమె, తలుపు అన్నాను నేను. తిరగేస్తే ఏదీ కుదరలేదు. శుక్రవారం దాకా దాని మీదే వాదులాడుకున్నాం.

దినాలు అయ్యాయి, చుట్టాలు వెళ్లిపోయారు. "నాగారం వచ్చెయ్ చెల్లె, ఒక్కదానివి ఎట్లుంటవ్?" అన్నాడు మా అన్న. చూద్దాంలే అన్నాను. కిటికీలో ఆ మూడు గళ్ళు ఖాళీగా ఉన్న పేపరు చూసి, "ఫోన్ల కొడితే జవాబు వస్తది గద" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. జవాబు ఎవరిక్కావాలి?

మొన్న పని నుంచి వస్తూ ఉప్పల్‌లో బస్సు దిగి నడుస్తున్నాను. టింబర్ డిపో ముందు లారీలోంచి దుంగలు దించుతున్నారు. కలప! తిరగేస్తే పలక. నడిరోడ్డు మీద నవ్వేశాను. ఎవరేమనుకుంటే నాకేం, చెప్పుల చప్పుడుతో ఉరుకులు పరుగుల మీద ఇంటికొచ్చి పడ్డాను. తలుపుకు నేనే వేసిన తాళం కనిపించేదాకా గుర్తు రాలేదు.

లోపలికెళ్లి ఆమె పెన్సిల్‌తో ఆ మూడు గళ్ళూ నింపాను. "అత్తమ్మా, పలక" అని పైకే అన్నాను. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది.

పేపరు ఇంకా కిటికీలోనే ఉంది, పక్కన మూత తీయని ఆమె పెన్ను. మిగతా గళ్ళన్నిట్లో నీలం సిరా, ఒక మూల మూడు పెన్సిల్ అక్షరాలు.