వైదేహి మేడమ్ నీటిబల్లులు

ఈ వేసవిలో ఓ ఉదయం రాజమండ్రి మార్కెట్లో, తోటకూర కట్టల మీద కప్పిన గోనెపట్టాపై ఒకామె నీళ్ళు చిలకరించింది. తడిగోనె వాసన ముక్కుకు తగిలేసరికి నేను బేరం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. "ఏం కావాలండీ?" అని ఆమె రెండుసార్లు అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఆ వాసన నాకు కూరగాయలది కాదు, వైదేహి మేడమ్‌ది.

తొంభైల చివర్లో ఈ ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మాది కొవ్వూరు దగ్గర పల్లెలో వరి పండించే కుటుంబం. రోజూ వంతెన దాటి బస్సులో వచ్చేదాన్ని. ఉద్యోగం టెంపరరీ. నన్ను ఉంచాలో పంపాలో ఏడాది చివర చెప్పేది మా హెడ్డు వైదేహి మేడమ్. కోనసీమ మనిషి, ఒంటరిగా ఉండేవారు, మాట తక్కువ. మొదటి రోజే ల్యాబు వెనక చీకటి గదిలోకి తీసుకెళ్ళి, తడిగోనె చుట్టిన వెడల్పాటి మట్టికుండీ చూపించారు. నీళ్ళలో జానెడు కూడా లేని జీవులు రెండు. వీపు నలుపు, పొట్ట నిప్పురంగు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"బల్లులాండీ?"

"బల్లి కాదమ్మా, కప్పకి చుట్టం. న్యూట్ అంటారు. మా తమ్ముడు కలకత్తా నించి తెచ్చాడు."

బీఎస్సీ పుస్తకంలో వాటి గురించి నాలుగు లైన్లు చదివి పాసైనదాన్నే, ఎదురుగా కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాను. మా అటెండరు మాత్రం చివరిదాకా వాటిని నీటిబల్లులనే అన్నాడు. ఆ గది ఊడ్చిన రోజు ఇంటికెళ్ళి తలస్నానం చేసేవాడట. చల్లటి చోట బతికే ప్రాణులను మన ఎండల్లో పెంచడం మేడమ్ మొండితనం. వేసవిలో సోడాకొట్టు నుంచి ఐసు తెప్పించి, సంచిలో కట్టి కుండీలో వదిలేవారు. ఫ్యాను లేని ఆ గదిలో తాను మాత్రం పేపరుతో విసురుకుంటూ కూర్చునేవారు. వాటి పిల్లల్ని చూడాలని ఆవిడ కోరిక. మూడు చలికాలాలు గుడ్ల కోసం ఎదురుచూసి నిరాశపడ్డారని తర్వాత తెలిసింది.

జనవరిలో వాళ్ళమ్మగారి తద్దినానికి మూడు రోజులు ఊరెళ్తూ కుండీ నాకు అప్పగించారు. "గోనె తడుపుతూ ఉండు సరోజా, వానపాములు వెయ్యి. ఇంకేం చెయ్యక్కర్లేదు," అన్నారు. ఇంకేం చెయ్యక్కర్లేదంటే ఊరుకునే రకమా నేను? రెండో రోజు చూస్తే, కుండీలోని నీటిమొక్కల ఆకులు ఒక్కొక్కటే మధ్యకి మడిచి అతికించినట్టు ఉన్నాయి. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వేసిన వరిలో ఆకుముడత పురుగు ఆకుని అచ్చం అలాగే మడిచి లోపల కూర్చుంటుంది. ముడుచుకున్న ఆకు కనబడితే తుంచి పారెయ్యాలని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఒక్కటి కూడా వదలకుండా ఏరి, వెనక అరటిచెట్ల మొదట్లో పోశాను. పైగా మేడమ్ మెచ్చుకుంటారని ఎంత సంబరపడ్డానో!

ఆవిడ వచ్చి కుండీలోకి చాలాసేపు చూశారు.

"ఆకులేవి?"

"ఆకుముడత పట్టిందండీ. నేను చూడబట్టి సరిపోయింది, మొత్తం ఏరేశాను."

మేడమ్ ముఖంలో రంగు పోయింది. "అవి గుడ్లు సరోజా. ఒక్కో గుడ్డునీ ఒక్కో ఆకులో చుట్టి దాచుకుంటుంది అది. ఎక్కడ పోశావు?"

వెనక అరటిచెట్ల వైపు చూపించాను. అరటిచెట్ల కింద ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఊరి నుంచి కట్టుకొచ్చిన మంచి చీర బురదలో నానుతున్నా ఆవిడకి పట్టలేదు. పైన ఉన్న ఆకులు అప్పటికే వరుగుల్లా ఎండిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. "నన్ను తిట్టండి మేడమ్," అన్నాను.

"తిట్టడానికి టైము లేదు. అడుగునవి తడిగా ఉన్నాయి, ఏరు."

తొమ్మిది దొరికాయి. ఎనామిల్ పళ్ళెంలో నీళ్ళు పోసి వాటిని ఉంచాం. రోజుకొకటి చొప్పున తెల్లటి బూజు పట్టేది. దాన్ని తీసేసినప్పుడల్లా మేడమ్ నా వైపు చూసేవారు కాదు. అదే నాకు శిక్షలా ఉండేది. చివరికి రెండే మిగిలాయి. మూడో వారంలో ఓ పొద్దున పళ్ళెంలో కంటి రెప్పవెంట్రుకంత పిల్ల, మెడకి ఇటూ అటూ ఈకల్లాంటి మొప్పలతో కదిలింది. మేడమ్ నా భుజం పట్టుకున్నారు. రెండో గుడ్డు పగలలేదు.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు చూడ్డానికి వచ్చారు. ముచ్చటపడి, "ఒక్కటేనా మేడమ్? మిగతా గుడ్లేమయ్యాయి?" అని అడిగారు. నా ఉద్యోగం ఉంచడం, ఊడబెరకడం ఆ ఒక్క జవాబులో ఉంది. పాడైపోయాయండీ అని ఆవిడ అనొచ్చు, అదీ నిజమే. ఈ అమ్మాయి పారేసిందండీ అనొచ్చు, అదీ నిజమే. మేడమ్ ఏమీ అనలేదు. పళ్ళెం కేసి చూస్తూ ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందో గానీ, నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. ఏదో ఒకటి అనేస్తే పోయేదిగా!

"నేనే పారేశానండీ. పురుగనుకున్నాను," అన్నాను చివరికి.

ఆయన ఏదో గొణిగి వెళ్ళిపోయారు. మేడమ్ అప్పుడు తలెత్తి, "రేపటినించి పిల్లకి తిండి నువ్వే పెట్టు," అన్నారు. ఏడాది చివర నన్ను ఉంచమని రాసిన మొదటి కాగితం కూడా ఆవిడదే.

ఆ మే నెల ఎండలకి పెద్దవి రెండూ పోయాయి. పిల్ల మాత్రం మూడేళ్ళు బతికింది. మేడమ్ రిటైరై కోనసీమ వెళ్ళారు, ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుని చాలా కాలమైంది. మా ల్యాబులో ఎవరిదైనా పొరపాటు బయటపడి, పైవాళ్ళు కారణం అడిగినప్పుడు, తప్పు చేసిన పిల్ల ముఖం పాలిపోవడం నాకు కనబడుతుంది. వెనకేసుకు రావాలని నోటిదాకా వస్తుంది. నొక్కేసుకుని ఊరుకుంటాను. ఆ రోజు మేడమ్‌కి అది ఎంత కష్టమైందో అప్పుడప్పుడు తెలుస్తూ ఉంటుంది. కొందరు తామే చేశామని చెప్తారు, కొందరు చెప్పరు. చెప్పనివాళ్ళ కోసం కూడా ఆగుతాను.