ఖాళీ ట్రేలో మంచి విత్తనం

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పెక్కువైనా రాసుకునే నా డైరీలో కూడా ఆ గురువారం పేజీలో "ఈరోజు వాన పడలేదు" అని మాత్రమే ఉంటుంది. పన్నెండుమంది శాస్త్రవేత్తలను, ఒక ఎక్స్‌రే మిషన్‌ని, ఒక రైతు నారుమడిని ఒక్క వేలితో ఎలా ముంచబోయానో మీకే మొదట చెబుతున్నాను. నవ్వుకోండి. నవ్వాక మాత్రం నా మొహంలోకి చూడకండి.

అప్పుడు నేను కంప్యూటర్ చదువు ముగించి, చిలకలూరిపేట నుంచి గుంటూరుకు రోజూ బస్సులో వెళ్లొస్తున్నాను. అక్కడి విత్తన పరిశోధన కేంద్రంలో మిరప గింజలకు ఎక్స్‌రే తీస్తారు. గట్టి గింజ తెరమీద తెల్లగా, నిండుగా కనిపిస్తుంది. తాలు గింజ లోపల నల్లగా, బోలుగా ఉంటుంది. ఆ బొమ్మలు చూసి మంచిదేదో తాలేదో చెప్పడం కంప్యూటర్‌కి ఎలా నేర్పాలో అక్కడి శాస్త్రవేత్తలకు వారం రోజులు శిక్షణ ఇవ్వాలి. ఇవ్వాల్సింది నేను. బస్సులో "ఆపండి" అనడానికి నోరు రాక, ఒక స్టాపు దాటిపోయి నడిచి వెనక్కొచ్చే మనిషిని.

మా అమ్మ ధైర్యం చెప్పింది. "ఇదిగో, ఆంజనేయస్వామి సింధూరం. మిషన్‌కి కాస్త పెట్టి మొదలుపెట్టు. మీ నాన్న ట్రాక్టర్‌కి పెట్టలేదా, అది నడవట్లేదా?"

"ట్రాక్టర్ వేరు, ఎక్స్‌రే వేరమ్మా."

"రెండూ మొరాయించేవే కదే."

సోమవారం పొద్దున ఎవరూ రాకముందే మిషన్‌కి, పాత దసరా బొట్టు పక్కనే, ఇంకో బొట్టు పెట్టాను. వేలికి, గోటి సందులో కాస్త మిగిలింది. ఎదురుగా రెండు ట్రేలున్నాయి, ఒకటి మంచి గింజలకి, ఒకటి తాలు గింజలకి. మంచి గింజల ట్రే అంచున చిన్న చుక్క పెట్టాను. రెండోదానికి పెట్టలేదు. మీరే చెప్పండి, తాలు గింజలకి ఎవరైనా బొట్టు పెడతారా?

ఆ కేంద్రంలో అటెండర్ మరియమ్మ. ఆమె గింజలు పేర్చడం, మేము వందలకొద్దీ బొమ్మలు తీయడం. ఇది మంచిది, ఇది తాలు అని చూపిస్తూ పోతే తేడా ఏమిటో కంప్యూటర్ తనంతట తానే కనిపెడుతుందని గొంతు పెగుల్చుకుని చెప్పాను. కనిపెట్టింది కూడా. బుధవారానికి ఒక్క తప్పూ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు, రామ్మోహనరావుగారు తప్ప. ముప్పై ఏళ్లుగా గింజల ఎక్స్‌రేలు కంటితో చూసి తేల్చిన పెద్దాయన.

"ఒక్క తప్పూ లేదంటే నాకు భయంగా ఉందమ్మాయ్," అన్నారు.

పెద్దాయనకి అసూయ అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.

గురువారం అద్దంకి వైపు నుంచి కోటయ్య అనే రైతు వచ్చాడు. చేతిలో విత్తనాల మూట. "దాచుకున్న విత్తనం సార్. మడి తడిపి వచ్చాను. నారు పోయమంటారా, వద్దంటారా?"

మరియమ్మ చేతికందిన ట్రేలో గింజలు పేర్చింది. చేతికి ఏది అందిందో మీకు తెలిసిపోయే ఉంటుంది.

రామ్మోహనరావుగారు తెర చూశారు. "ముప్పాతిక తాలే కోటయ్యా. పోయొద్దు."

కంప్యూటర్ చూసింది. "మంచి విత్తనం. నూటికి తొంభైతొమ్మిది."

రామ్మోహనరావుగారు కళ్లజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్లీ చూశారు. "నాకు బోలుగానే కనిపిస్తున్నాయే," అన్నారు నెమ్మదిగా. "కళ్లు పాతబడ్డాయేమో."

"మరి ఎవరి మాట వినమంటారు సార్?"

"మూడు రోజులుగా అది తప్పు చెప్పలేదయ్యా. పోసుకో."

కోటయ్య మూట కట్టుకుంటున్నాడు. అప్పుడు చూశాను. తెరమీద నల్లటి బోలు గింజల వరసల పక్కన, మూలన, పున్నమి చంద్రుడిలా తెల్లటి చుక్క. సింధూరంలో సీసం ఉంటుంది. సీసంలోంచి ఎక్స్‌రే దూరదు. మూడు రోజులపాటు నేను కంప్యూటర్‌కి నేర్పింది గింజల్ని చూడడం కాదు, బొట్టుని చూడడం.

నేనే పెట్టానని చెప్పేస్తే అయిపోయేది. దాని బదులు ఎలాగో ఒక్క మాట తోసుకొచ్చింది. "సార్, ఖాళీ ట్రే పెట్టి చూద్దామా?"

అదే ట్రేలో గింజలు తీసేసి పెట్టారు.

"మంచి విత్తనం. నూటికి తొంభైతొమ్మిది."

కోటయ్య తల గోక్కున్నాడు. "ఆ ఖాళీ విత్తనమే ఇప్పించండి సార్, మోయడానికి తేలిక."

గది గదంతా నవ్వింది. రామ్మోహనరావుగారు నవ్వకుండా ట్రే అంచుని గోటితో గీరి చూశారు. "మూట ఇంటికి తీసుకుపో కోటయ్యా, మడిలో పోయకు. ఇది సింధూరం. ఎవరు పెట్టారు?"

ట్రేలు ముట్టుకునేది మరియమ్మే కాబట్టి అందరూ ఆమె వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేంటండీ? ఆదివారం ఆదివారం ప్రార్థనకెళ్లేదాన్ని, ట్రేలకి బొట్లు నేనెందుకు పెడతాను?"

వెనక వరసలో ఒకాయన, "పోయిన దసరాకి ఎవరో పెట్టుంటార్లే," అన్నారు. అందరికంటే ముందు తల ఊపింది నేను.

ట్రేలు కడిగింది మాత్రం మరియమ్మ. పీచుతో బరాబరా తోముతుంటే పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఎవరో గానీ, బొత్తిగా బాధ్యత లేదు మరియమ్మగారూ," అన్నాను.

"నీలాంటి బుద్ధిమంతురాలు ఒక్కతన్నా ఉంది, అదే చాలమ్మా," అంది ఆమె.

మళ్లీ మొదట్నుంచి అన్ని బొమ్మలూ తీశాం. కాబట్టి పాఠకులారా, సింధూరం డబ్బీ ఎదుట నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పనిముట్టుకీ బొట్టు పెట్టను. పెట్టక తప్పకపోతే మంచికీ తాలుకీ సమానంగా పెడతాను. ఏ యంత్రం ఒక్క తప్పూ చేయకపోయినా ముందు నా వేళ్లు చూసుకుంటాను.

శనివారం, శిక్షణ ఆఖరి రోజు, గేటు ముందు బస్సు కోసం నిలబడ్డాను. రామ్మోహనరావుగారు స్కూటర్ ఆపారు. చెయ్యి వెనక్కి దాచుకున్నాను. దూరంగా మా ఊరి బస్సు వస్తోంది. దాన్ని నేను ఎక్కేశానని వేరే చెప్పక్కర్లేదు. ఎక్కేముందు ఆయన అన్నది ఇంతే.

"నా కళ్లు బాగానే ఉన్నాయమ్మాయ్. గురువారం నీ గోట్లో ఎరుపు చూశాను. మరియమ్మ ఇంకా లోపలే ఉంది, వెళ్లి చెప్పిరా. బస్సులదేముంది, ఇంకోటి వస్తుంది."